మొదటి పరుపు

చీర కట్టుకుని నడుం పట్టేసిన మగవాణ్ణి మీరెప్పుడైనా చూశారా? పోయిన దసరా ముందు విజయవాడ వన్‌టౌన్‌లో మా బట్టల షాపుకి వచ్చినవాళ్ళంతా చూశారు. ఆ మగవాణ్ణి నేనే.

మా షాపులో ఒక పద్ధతి ఉంది. పెళ్ళివాళ్ళకి పట్టుచీర మడత విప్పి ముందు పడేస్తే సరిపోదు. సేల్స్‌మన్ లేచి నిలబడి, ప్యాంటూ చొక్కా మీదే ఆ చీర చుట్టుకుని, కుచ్చిళ్ళు పోసి, కొంగు భుజాన వేసుకుని చూపించాలి. కొత్తగా చేరినవాళ్ళు సిగ్గుపడతారు. నాకు ఇరవై నాలుగేళ్ళ కిందటే పోయింది సిగ్గు. ఇంత మీసం పెట్టుకున్నా సరే, నేను కుచ్చిళ్ళు పోస్తుంటే ఆడవాళ్ళు మాటలాపి చూస్తారు. గొప్ప చెప్పుకుంటున్నాననుకుంటారేమో, చెప్పుకోదగ్గ గొప్పే అది.

షాపులో తెల్లదుప్పట్లు పరిచిన పరుపులు ఐదున్నాయి. గుమ్మానికి దగ్గరగా ఉన్నది మొదటి పరుపు. పెళ్ళివాళ్ళని అక్కడే కూర్చోబెడతారు. పదకొండేళ్ళుగా ఆ పరుపు నాది. జీతం కాగితంలో అలా ఎక్కడా రాసి ఉండదు గానీ, దుర్గాశంకర్ కూర్చునే చోటు ఏదని ఈ బజారులో ఎవరినడిగినా చెబుతారు.

ఆ రోజు గోపీచందనం రంగు పట్టుచీర కట్టుకుని, అంచు సమంగా పడాలని ముందుకి వంగాను. నడుములో ఎవరో కొక్కెం వేసి లాగినట్టయింది. పైకి లేవలేను, కిందికి కూర్చోలేను. ఎదురుగా పెళ్ళికూతురు, వాళ్ళమ్మ, అత్తలు. చేతిలో సగం పోసిన కుచ్చిళ్ళు. పక్క పరుపు చక్రి, ఇంకొకతనూ కలిసి చీరతో సహా నన్ను ఎత్తుకుని వెనక గోడౌనులోకి మోసుకుపోయారు. "శుభమా అని బయల్దేరితే ఇదేం శకునం," అనుకుంటూ పెళ్ళివాళ్ళు లేచి వెళ్ళిపోయారు. ఆ మాట గోడౌను దాకా వినపడింది. నాకు తల కొట్టేసినట్టయింది.

ఓనరు వెంకటసుబ్బారావుగారు ఆ రోజు నన్నేమీ అనలేదు. ఆయన అనకపోతేనే భయం.

ఎక్స్‌రేలో కంగారుపడాల్సిందేమీ లేదన్నారు డాక్టరు. మాత్రలిచ్చి, విశ్రాంతి తీసుకోమన్నారు. పది రోజులు మంచం దిగలేదు. పదకొండో రోజున మంచం దిగడమే ఒక పెద్ద పనయింది. అప్పుడు నా సొంత తెలివి ఉపయోగించాను. మా నాన్న వీరభద్రయ్య గుంటమగ్గం మీద నేసేవాడు. మగ్గంలోకి దిగేముందు తువాలు నడుముకి బిగించి కట్టేవాడు. నేతగాడి కొడుకుని, నాకు తెలియని వైద్యమా అనుకుని, ముతక నూలుగుడ్డ నాలుగు మడతలు వేసి చొక్కా లోపల ఊపిరాడనంత గట్టిగా చుట్టుకోవడం మొదలుపెట్టాను. చీర కట్టి చూపించడం మానేశాను. "చక్రీ, ఇది కాస్త కట్టి చూపించవయ్యా," అనేవాణ్ణి. చక్రి ముప్ఫై అయిదేళ్ళవాడు, నడుం కర్రలా ఉంటుంది. లేచి ఠక్కున కట్టేవాడు. నాకు ఒళ్ళు మండేది.

మే నెల వచ్చేసరికి అరగంట కూర్చుంటే చాలు, నడుం కింద నిప్పు పెట్టినట్టుండేది. ఒక మధ్యాహ్నం సుబ్బారావుగారు పిలిచారు.

"శంకర్, నువ్వంటే నాకు గౌరవమే. కానీ పెళ్ళిచీర కొనడానికొచ్చినవాళ్ళ ముందు మూలిగే మనిషిని కూర్చోబెట్టలేను. శ్రావణం దాకా చూస్తాను. అప్పటికీ ఇంతే అయితే గోడౌన్లో స్టాకు చూసుకో. మొదటి పరుపు చక్రికిస్తాను."

జీతం తగ్గించనన్నారు. మర్యాదస్థుడే, కాదనను. కానీ గోడౌనంటే ట్యూబులైటు కింద అట్టపెట్టెల మధ్య కూర్చోవడం. అక్కడ చీరలకి చీటీలంటించడమే పని. ఎవరికీ కట్టి చూపించేది ఉండదు.

మా ఆవిడ మల్లీశ్వరి ఇంట్లో చీరలకి ఫాల్ కుడుతుంది, పికో చేస్తుంది. ఆ వారమే గుణదల నుంచి క్రిస్టినా అనే అమ్మాయి నాలుగు చీరలు తెచ్చిచ్చింది. ఫిజియోథెరపిస్టట, సొంతంగా చిన్న క్లినిక్కుంది. మంచం మీద నుంచి నేను లేచే తీరు గుమ్మంలోంచే చూసింది.

"అంకుల్‌గారు ఎన్నాళ్ళనుంచి అలా లేస్తున్నారండీ?"

"దసరా నుంచమ్మా," అంది మల్లీశ్వరి. "అడిగితే కసురుకుంటారు. నువ్వు అడుగు, నిన్ను కసరరు."

మర్నాడు మల్లీశ్వరి నన్ను ఆటో ఎక్కించి ఆ క్లినిక్కుకి తీసుకెళ్ళింది. క్లినిక్కంటే రెండు బల్లలు, గోడకి ఒక సిలువ, ఒక పెద్ద అద్దం. క్రిస్టినా ముందు చాలా ప్రశ్నలు వేసింది. కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయా, పట్టు తప్పుతోందా, మూత్రానికి ఇబ్బందుందా, జ్వరమొచ్చిందా, బరువు తగ్గారా అని. ఏదీ లేదన్నాను. వాటిలో ఏది మొదలైనా తన దగ్గరికి కాదు, వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలంది. తర్వాత నా రోజు ఎలా గడుస్తుందో చెప్పమంది. చీర కట్టడం గురించి చెబుతుంటే నవ్వకుండా వింది. అది నాకు నచ్చింది.

"దసరాకి ముందు రోజుకి ఎన్నిసార్లు లేచి కట్టేవారండీ?"

"సీజన్లో అయితే నలభై, యాభై."

"ఇప్పుడు ఎన్నిసార్లు లేస్తున్నారు?"

లెక్కేసుకున్నాను. "భోజనానికి ఒకసారి. బాత్రూముకి రెండుసార్లు."

ఆ అమ్మాయి కాగితం మీద యాభై, మూడు అని పక్కపక్కనే రాసుకుంది. తర్వాత నా చొక్కా కింద ఉబ్బెత్తుగా ఉన్న గుడ్డకట్టు చూపించి, "ఇదెన్ని గంటలుంటుందండీ?" అని అడిగింది. పొద్దున కడితే పడుకునేటప్పుడు విప్పుతానన్నాను. మా నాన్న సంగతి కూడా చెప్పాను, కాస్త దర్పంగానే.

"మీ నాన్నగారు కట్టుకున్నా, మగ్గంలో కాళ్ళూ చేతులూ రోజంతా ఆడుతూనే ఉంటాయి కదండీ. మీరు కట్టుకుని కదలకుండా కూర్చుంటున్నారు. నడుం చెయ్యాల్సిన పని గుడ్డ చేస్తుంటే ఇక నడుం దేనికండీ? ఇరవై నాలుగేళ్ళు మీ నడుముని కాపాడింది ఆ లేవడమే. ఒకసారి పట్టేసిందని భయపడి, మందుని మానేసి కూర్చున్నారు మీరు."

పక్కన మల్లీశ్వరి, "చూశారా," అన్నట్టు నా వైపు చూసింది. ఆ చూపుకి కోపమొచ్చింది గానీ, కోప్పడ్డానికి పాయింటు దొరకలేదు.

అలా మొదలైంది. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి, పిర్రలు మెల్లగా పైకెత్తి పది అంకెలు లెక్కపెట్టి దించడం. చేతులూ మోకాళ్ళూ నేలకి ఆనించి, పిల్లి ఒళ్ళు విరుచుకున్నట్టు వీపు పైకెత్తి దించడం. అదే భంగిమలో కుడి చెయ్యి ముందుకీ ఎడమ కాలు వెనక్కీ చాపడం. పొద్దున ఇరవై నిమిషాల నడక. వీటిలో ఒక్కటీ నలభై ఏడేళ్ళ మగవాడి గౌరవానికి తగినట్టుండదు. మొదటి రోజు చెయ్యీ కాలూ చాపి పక్కకి ఒరిగి పడితే మల్లీశ్వరి మిషను ఆపి మరీ నవ్వింది. "ఇంకోసారి చెయ్యండి, సరిగా చూళ్ళేదు," అంది.

ఇక బంతులు. రెండు టెన్నిస్ బంతులు పాత మేజోడులో వేసి ముడి బిగించాలి. దాన్ని గోడకీ నడుముకీ మధ్య పెట్టుకుని, వెన్నెముక రెండు బంతుల నడుమ ఖాళీలో ఉండేలా ఆనుకుని, మోకాళ్ళు కొద్దిగా వంచుతూ లేస్తూ దొర్లించాలి. ఎముక మీద కాదు, పక్కనుండే కండ మీద. పిర్ర మీద కూడా. గట్టిగా అదిమితే గుణం ఎక్కువనుకుని మొదట్లో పళ్ళు బిగపట్టి అదిమాను. క్రిస్టినా మందలించింది. "నొప్పి పదిలో నాలుగు దాటకూడదండీ. రెండు నిమిషాలు చాలు. బంతులు నొప్పిని కాసేపు పక్కన పెడతాయి, అంతే. ఆ కాసేపట్లో మీరు కదలాలి. నడుముని బాగుచేసేది ఆ కదలడమే."

గుడ్డకట్టు ఒక్కసారి తీసెయ్యనక్కర్లేదంది. వారానికి రెండేసి గంటలు తగ్గించమంది. కుచ్చిళ్ళకి వంగడం కూడా మళ్ళీ నేర్పింది. మా షాపులో బట్ట కొలిచే మీటరు బద్ద తెమ్మని, దాన్ని నా వీపున నిలువుగా పెట్టింది. తలా, వీపూ, తుంటీ మూడూ బద్దకి తగిలి ఉండగానే వంగాలి. అంటే నడుం దగ్గర కాదు, తొడలు మొదలయ్యే దగ్గర మడవాలి. ఇరవై నాలుగేళ్ళుగా బద్ద చేతిలో పట్టుకుని తిరిగాను, దానితో నా వీపు కొలవాల్సొస్తుందనుకోలేదు.

మూడు వారాలకి నలభై నిమిషాలు కూర్చోగలిగాను. ఆషాఢం సేల్ మొదలైంది. నాకు తొందరెక్కువ. పది సార్లు చెయ్యమన్నవి ముప్ఫై చేశాను, ఇరవై నిమిషాల నడక గంట చేశాను. నాలుగో రోజున మళ్ళీ పట్టేసింది. ఇక అయిపోయిందనుకున్నాను. ఎవరికీ చెప్పకుండా గుడ్డకట్టు మళ్ళీ పొద్దున్నుంచి సాయంత్రం దాకా బిగించాను. రెండో రోజున ఉతికే బట్టల్లో చెమటతో తడిసిన ఆ గుడ్డ మల్లీశ్వరి కంటపడింది.

"ఎవర్ని మోసం చేస్తున్నారండీ? నన్నా, ఆ పిల్లనా?"

"నా నడుం, నా ఇష్టం. గోడౌన్లో కూర్చోమంటే కూర్చుంటాను. నీకేం?"

తను అరవలేదు. మిషను ముందు కూర్చుని, వీపు నా వైపు పెట్టి మాట్లాడింది. "మీరు చీర కట్టి చూపిస్తుంటే చూసే, ఈ మనిషిని చేసుకుంటానన్నాను. మా అమ్మతో చీర కొనడానికొచ్చి మిమ్మల్ని చూశాను. ఆ మనిషిని గోడౌన్లో పెడతానంటే నాకేం కాదా?"

పంతొమ్మిదేళ్ళ కాపురంలో ఆ సంగతి నాకు ఎప్పుడూ చెప్పలేదు. సంబంధం మా మేనత్త తెచ్చిందనే అనుకుంటున్నాను ఇన్నాళ్ళూ. ఏడుపొచ్చింది, దాచుకోలేదు. ఆ సాయంత్రమే క్లినిక్కుకి వెళ్ళాం. ఇలా మధ్యమధ్య తిరగబెట్టడం మామూలేనని, దెబ్బ తగిలినట్టు కాదని, మానెయ్యకుండా సగానికి తగ్గించి చెయ్యమని క్రిస్టినా చెప్పింది. "ఎక్కువ చెయ్యడం కాదండీ, రోజూ చెయ్యాలి," అంది. సగానికి తగ్గించాను. రోజూ చేశాను. షాపులో కూడా ఇరవై నిమిషాలకోసారి ఏదో వంకన లేచేవాణ్ణి. మంచినీళ్ళనీ, పైఅర చీరలనీ. గుడ్డకట్టు ఒక గంటకి వచ్చింది, తర్వాత అదీ పోయింది. పెళ్ళివాళ్ళ ముందు మళ్ళీ పట్టేస్తుందేమోనని రెండో పరుపు మీదికి మారి, మామూలు చీరలు కట్టి చూపించడం మొదలుపెట్టాను. మొదటి రోజు నాలుగు, తర్వాత పది. బంతుల మేజోడు టిఫిన్ సంచీలో ఉండేది. ఎవరూ చూడకుండా గోడౌన్లోకి వెళ్ళి రెండు నిమిషాలు గోడకి ఆనుకుని వచ్చేవాణ్ణి. సుబ్బారావుగారి కంట పడితే నా పని అయిపోయినట్టే.

శ్రావణం వచ్చింది. మొదటి శుక్రవారం పొద్దున ఆయనే పిలిచారు. "ఇవాళ మొదటి పరుపు మీద కూర్చో శంకర్. మళ్ళీ దసరా నాటిలా అయిందంటే మాత్రం ఇక నన్నడగొద్దు."

పదకొండు గంటలకి ఉయ్యూరు పక్క పల్లె నుంచి పెళ్ళివాళ్ళు దిగారు. పద్నాలుగు మంది. పెళ్ళికూతురు జెస్సికా నర్సింగ్ చదివింది. అందర్నీ నడిపిస్తున్నది వాళ్ళ నాయనమ్మ శౌరమ్మ. డెబ్భై దాటిన మనిషి, చెరకు తోటల్లో పనిచేసిన చేతులు. చీర అంచు రెండు వేళ్ళతో నలిపి చూసి, వద్దంటే వద్దంతే.

బంధువులకి పెట్టే పెట్టుబడి చీరలతో మొదలుపెట్టాం. ఒంటిగంటకి పదిహేను కట్టి చూపించాను. రెండింటికి ఇరవై రెండు. లేవడం, చుట్టడం, కుచ్చిళ్ళు, కొంగు, విప్పడం, కూర్చోవడం. నడుం మాట వింటోంది. క్యాష్ కౌంటర్ దగ్గర నుంచి సుబ్బారావుగారి చూపు నా మీదే ఉందని తెలుస్తూనే ఉంది. మూడు దాటాక చర్చిలో కట్టుకునే చీర అడిగారు. తెల్లటి పట్టు, సన్నటి వెండిజరీ అంచు. నేను దాచిపెట్టిన చీర తీశాను. జెస్సికా కళ్ళు పెద్దవయ్యాయి. "కట్టి చూపిస్తారా అండీ?" అంది.

చుట్టుకున్నాను. కుచ్చిళ్ళు చేతిలోకి తీసుకున్నాను. అప్పుడొచ్చింది. కొక్కెం అంత గట్టిగా కాదు గానీ, అదే చోట, అదే లాగుడు. చేతులు ఆగిపోయాయి. ఒళ్ళంతా చెమట పట్టింది. చక్రి సగం లేచాడు. సుబ్బారావుగారు కుర్చీ వెనక్కి జరిపిన చప్పుడు వినపడింది.

ఫోనొచ్చిందని అబద్ధం చెప్పి గోడౌన్లోకి వెళ్ళొచ్చు. వెళితే మాత్రం ఇక అక్కడే ఉండిపోతానని నాకు తెలుసు. దాక్కుని బాగుచేసుకున్న నడుం దాక్కునే పనిచేస్తుంది. చిరాకేసింది నాకు నా మీద. చీర జాగ్రత్తగా విప్పి జెస్సికా చేతిలో పెట్టాను. టిఫిన్ సంచీలోంచి మేజోడు తీశాను. షాపు నడిబొడ్డున ఉన్న స్తంభానికి ఆనుకుని, అందరూ చూస్తుండగా, బంతులు నడుం వెనక పెట్టుకుని దొర్లించడం మొదలుపెట్టాను.

"ఏంటి బాబూ అది?" అంది శౌరమ్మ.

"నడుం నొప్పండీ. దసరా నుంచి ఉంది. రెండు నిమిషాలు ఇలా చేస్తే సర్దుకుంటది. తర్వాత కట్టి చూపిస్తాను."

శకునం మాట ఎవరి నోటి నుంచి వస్తుందా అని చూస్తున్నాను. శౌరమ్మ తన కోసం వేసిన కుర్చీలోంచి మెల్లగా లేచింది.

"నలభై ఏళ్ళు చెరకు నరికాను. నా నడుం సంగతి నా కొడుకులే అడగరు. ఏదీ, నాక్కూడా చూపించు."

"మామ్మగారూ, ముందు మెల్లగా..."

"మెల్లగానే లేవయ్యా, నాకు తొందరేముంది."

ఆవిడని స్తంభానికి ఆనించి, నా మేజోడు ఇచ్చి, బంతులు ఎక్కడ ఉండాలో చెప్పాను. జెస్సికా పట్టుకుంది. మోకాళ్ళు కొంచెం వంచి లేచింది ముసలావిడ. "హమ్మయ్య," అని కళ్ళు మూసుకుంది. ఇక చూడండి, కోడళ్ళు లేచారు, కూతుళ్ళు లేచారు. నాట్లు వేసే నడుములు, మిషను కుట్టే నడుములు, బళ్ళో నిలబడే నడుములు. పద్నాలుగు మందిలో నొప్పి లేనిది జెస్సికా ఒక్కదానికే. "అయితే ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పరేం మీరు?" అని వాళ్ళని వాళ్ళే తిట్టుకుంటున్నారు.

సుబ్బారావుగారు పరుగున వచ్చారు. "అమ్మా, ఏమన్నా ఇబ్బందయిందా?"

"ఇబ్బందేముంది?" అంది శౌరమ్మ, కళ్ళు తెరవకుండానే. "ఈ బాబుకి నడుం నొప్పి. అయినా పొద్దున్నుంచి మా కోసం లేచి కడుతూనే ఉన్నాడు. నాకు నచ్చాడు."

ఈలోగా నేను నాలుగడుగులు నడిచాను. పిల్లి వీపు నిలబడే చేశాను, కౌంటరు మీద చేతులు ఆనించి. లాగుడు పదిలో ఆరు నుంచి మూడుకి దిగింది. తెల్లచీర తీసుకున్నాను. వీపున మీటరు బద్ద ఉందనుకుని, తుంటి దగ్గర మడిచి వంగాను. ఏడు కుచ్చిళ్ళు పడ్డాయి, అంచు ఒక్క గీతలా నిలిచింది. కొంగు భుజాన వేసుకుని నిటారుగా నిలబడ్డాను. ఎవరూ మాట్లాడలేదు. ఆ మౌనం నాకు పదినెలల తర్వాత దొరికింది. జెస్సికా వాళ్ళ నాయనమ్మ చెయ్యి పట్టుకుని, "ఇదే," అంది. ముసలావిడ అంచు నలిపి చూడలేదు, తలూపింది.

ఆరున్నరకి వాళ్ళు వెళ్ళారు. ముప్ఫై నాలుగు చీరలు కట్టాను ఆ రోజు, పంతొమ్మిది తీసుకున్నారు. పోతూపోతూ శౌరమ్మ ఆ మేజోడు అడిగి పట్టుకుపోయింది. బంతులు పోతే పోయాయి.

సుబ్బారావుగారు పరుపు దగ్గరికొచ్చి నిలబడ్డారు. ఆయన చెయ్యి ఆయన నడుం మీద ఉంది, గమనించుకున్నట్టు లేదు.

"శంకర్, ఈ పరుపు సంగతి మనం ఇక మాట్లాడుకోనక్కర్లేదు. అలిసిపోయావు, ఇంటికెళ్ళు."

"అలాగేనండీ," అన్నాను. సంతోషం అంత పెద్దదైనప్పుడు దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు మనిషికి. సంచీ భుజాన వేసుకున్నాను.

అప్పుడే గ్లాసు తలుపు తోసుకుని మరో పెళ్ళివాళ్ళు వచ్చారు. మైలవరం నుంచి, ఎనిమిది మంది, ముందు పసుపు రాసుకున్న చేతులతో పెళ్ళికూతురు. నా అలసట చూసి చక్రి లేచి మొదటి పరుపు వైపు రాబోయాడు.

"నువ్వు కూర్చో చక్రీ," అన్నాను.

సంచీ కింద పెట్టాను. "రండమ్మా, రండి. ముందు ఏ రంగు తియ్యమంటారు? ఏది తీసినా కట్టి చూపిస్తాను," అని, పెళ్ళికూతురు వేలు పెట్టి చూపిన మొదటి చీర అందుకుని లేచి నిలబడ్డాను.